చడీచప్పుడు లేని చావు

అది కాదే, నేనడిగేది ఒక్కటే. నీకొక్కదానికే చెప్పాను కదా, మరి మా అబ్బాయి దాకా ఎలా వెళ్ళింది? ఆ కమలాపండు ఒలవకు, అందులో పొటాషియం ఉంటుందట, నాకిప్పుడు పనికిరాదు.

మోకాళ్ళ నొప్పి బిళ్ళ వేసుకున్నానో లేదో గుర్తుండక మళ్ళీ మళ్ళీ మింగాను. కిడ్నీలు దెబ్బతిన్నాయి. సరే. ఆ మరుపు సంగతి చెల్లెలివని నీ చెవిన వేశాను. డాక్టరుకి చెప్పావు, బాగానే ఉంది, ఆయనకి కావాలి. మావాడికెందుకు? కోడలికెందుకు?

బడికి వెళ్ళకపోయినా సొంతంగా చదవడం నేర్చుకున్నదాన్ని, నాకు తెలుసుకోవాలన్న పిచ్చి ఎక్కువ, నీకు తెలుసుగా. నిన్న ఆ చిన్న డాక్టరమ్మని కూర్చోబెట్టి అంతా అడిగాను. మర్చిపోకముందే విను.

కిడ్నీలో కణాలు అన్నీ ఒకేలా చావవట. కొన్ని ముడుచుకుని, తమను తాము మూట కట్టుకుని పోతాయి. పక్కవాటికి తెలియను కూడా తెలియదు. కొన్ని పగిలిపోతాయి. లోపలున్నదంతా బయట పోస్తాయి. అది చూసి ఒంట్లో కాపలా కణాలు ఏదో ముంచుకొచ్చిందని పరుగెత్తుకొస్తాయి. వాపు వస్తుంది. ఆ హడావిడిలో పక్కన నిక్షేపంలా ఉన్నవి కూడా దెబ్బతిని పగులుతాయి. బిళ్ళలు చంపినవి కొన్ని, కాపాడటానికి వచ్చినవి చంపినవి కొన్ని.

నేను ముడుచుకుని పోదామనుకున్నానే. నువ్వు పగలగొట్టావు.

కిడ్నీలు మెల్లగా కోలుకుంటాయట. మరి నా ఇల్లు? తాళం చెవి మావాడి జేబులో ఉంది. కోడలు పొయ్యి తీయించేసింది. పోనీ, పాలు మాడ్చిన మాట నిజమే. పుస్తకాలేం చేశాయి? బుర్ర అలసిపోతుందని వాటినీ అట్టపెట్టెల్లోకి ఎక్కించారు. నాలో బాగున్నది ఆ చదువొక్కటేనే, దాన్నీ పీకేశారు. ఇక్కణ్ణుంచి నేరుగా వాళ్ళింటికేనట. నన్నెవరడిగారు?

అక్క చచ్చిపోతుందని భయపడ్డావు, తెలుసు. అయినా ఒక్క మాట నాతో అనాల్సింది కదా, చెప్పేస్తున్నానక్కా అని.

ఏడవకు. నర్సు చూసిందంటే నీకూ ఒక మంచం వేస్తుంది.

ఇంకొకటి. మొన్న నువ్వొచ్చి కూర్చుంటే నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. అక్కకి నా మీద కోపమని వరండాలో వాపోయావట. కోపం కాదే. ఎవరీవిడ, ఇంత చనువుగా దుప్పటి సర్దుతోంది అనుకున్నాను. నీ గొంతు వినేదాకా తెలియలేదు.

వెళ్ళు, ఇదీ చెప్పుకో. ఇంక వాళ్ళు పట్టుకుపోవడానికి ఏం మిగిలిందని.