సూర్యుడికి పంపిన ఫైలు

ప్రభుత్వ ప్రయోగశాల కొత్త భవనానికి మారి, పాత గేటుకు తాళం పడి చాలా కాలమైంది. అయినా అందులో ఆర్థిక పరిశోధన విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దాయన సాయంత్రమైతే చాలు, భార్యను వెంటబెట్టుకుని ఎదురుగా ఉన్న టీకొట్టుకు వచ్చేస్తాడు. అప్పటి టైపిస్టమ్మ, జీపు డ్రైవరు అప్పటికే బెంచీ మీద ఉంటారు. ఊరికి రేపు ఎంత కరెంటు కావాలో ముందుగా లెక్కగట్టడం ఆయన ఉద్యోగం. అందుకే అందరికీ ఆయన అంచనాల బాబాయి.

ఆ రోజు ఆయన తలెత్తి పాత భవనంలో తన గది కిటికీ చూశాడు. ఒక రెక్క ఊడి వేలాడుతోంది. గట్టిగా దగ్గి, మొదలెట్టాడు.

"అదిగో, అక్కడే నా బల్ల. ఫ్యాను వేస్తే పట్టికలన్నీ గదంతా ఎగిరేవి. ఆ ఏడు ఎండలు మండిపోతున్నాయి. డైరెక్టరుగారు పిలిచి, 'ఏమయ్యా, ఇవాళ గట్టెక్కుతామా?' అన్నారు. 'పొద్దుగూకగానే వాడకం పెరుగుతుంది సార్, జాగ్రత్త' అన్నాను. పెరిగింది!"

"పొద్దుగూకితే అందరూ లైట్లేస్తారుగా బాబాయ్," అన్నాడు డ్రైవరు.

"వినవయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? లెక్కలు కట్టీ కట్టీ నా చెవులు ఎలా తయారయ్యాయంటే, మేడెక్కి నిలబడితే ఏ వీధిలో ఎవరు ఏ స్విచ్చి నొక్కారో వినిపించేది. జడ్జిగారింట్లో గీజరు వేస్తే, 'ఎండాకాలంలో వేణ్ణీళ్ళేమిటండీ?' అని అక్కణ్ణుంచే ఒక్క కేక వేసేవాణ్ణి. టక్కున ఆగిపోయేది!"

"ఆ కేక నాకెప్పుడూ వినపడలేదే?" అంది టైపిస్టమ్మ.

"మీ మిషను చప్పుడు ఆపితేగా! అసలు సంగతి వినండి. ఒకరోజు కరెంటు చాలదని తేలింది. సూర్యుడు ఒక్క అరగంట ఆగి అస్తమిస్తే చాలు, ఊరు ఒడ్డున పడుతుంది. ఇంకేం, ఫైలు పెట్టాను. కింద సంతకం, సూర్యుడికో కాపీ. పడమటి కిటికీలోంచి చూపిస్తే ఆయన చదివి, 'ఎందుకు?' అని ఓ కొర్రీ కూడా వేశాడు! జవాబు రాశాను. అరగంట ఎక్స్‌టెన్షన్ మంజూరు! గూళ్ళకు బయల్దేరిన పక్షులు సగం దారిలో వెనక్కి తిరిగాయి. ఊళ్ళో ఒక్క బల్బు కూడా రెప్ప వేయలేదు!"

"ఏ రోజది?" అడిగింది టైపిస్టమ్మ.

"మా పెద్దమ్మాయి పుట్టిన రోజు. ఎలా మరిచిపోతాను!"

భార్య టీ గ్లాసు కింద పెట్టింది.

"ఏవండీ, ఆ సాయంత్రం ఊరంతా చీకటి. ఆసుపత్రిలో జనరేటరు కూడా మొరాయించింది. టార్చి పట్టుకుని నా పక్కన నిలబడ్డది మీరే. వెలుతురు నా మీద తప్ప గోడలన్నిటి మీదా తిరిగింది. నర్సు తిట్టిన తిట్లు నాకింకా గుర్తే."

"అవునమ్మా!" డ్రైవరు తొడ చరిచాడు. "సార్ని వెంటనే తీసుకురమ్మని డైరెక్టరుగారు జీపిచ్చి నన్నే పంపారు. 'రాను, పొమ్మను' అన్నారీయన!"

టైపిస్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అయితే ఆ రోజు మీ అంచనా తప్పిందన్నమాట."

బాబాయికి కోపం రాలేదు. ఆ ఆసుపత్రి గది, మందుల వాసన, చీకట్లో లేచిన ఆ సన్నటి ఏడుపు ఒక్కసారిగా ఆయన్ని చుట్టేశాయి.

"తప్పింది," అన్నాడు మెల్లగా. "పాప పుట్టడానికి ఇంకా వారం పడుతుందన్నాను. అదేమో ఆ చీకట్లోనే వచ్చేసింది. టార్చి వెలుతుర్లో దాని మొహం చూశాక..."

భార్య వైపు తిరిగాడు.

"ఊళ్ళో కరెంటు మళ్ళీ ఎప్పుడొచ్చిందే? నేను చూసుకోనే లేదు."