గడప దగ్గర పేర్లాట

బుల్లెమ్మ ఊళ్ళో ఉంటుందో ఉండదో కనుక్కోకుండా ఆ మెట్ట ఊళ్ళల్లో ఎవరూ పెళ్ళి పెట్టుకునేవాళ్ళు కాదంట. పురోహితుడు రాకపోతే పక్కూరు నుంచి ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చు. బుల్లెమ్మ రాకపోతే మాత్రం చుట్టాలు పందిట్లో కూర్చుని ఆవలిస్తారు. అదీ సంగతి. ఆవిడేం చేసేదంటే, పెళ్ళిళ్ళలో ఆటలాడించేది. తాళి కట్టేశాక వంటలు దిగేదాకా అంత జనాన్ని కూర్చోబెట్టాలా వద్దా మరి? బిందెలో ఉంగరం వేసి తీయించేది, పూలబంతులు విసిరించేది, ఒకళ్ళ నెత్తిన ఒకళ్ళ చేత అప్పడాలు చిదిపించేది. మేం ఊరికే చూస్తామంటే ఒప్పుకునేది కాదనుకో. "తిండికొచ్చావా, పెళ్ళికొచ్చావా?" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది. ఒక పెళ్ళిలో ఏమైందంటే, వియ్యంకులిద్దరి తలపాగాలూ ఒకదానికొకటి ముడేసి, ఆ ముడి విప్పకుండా ఒకే ఆకులో తినమందంట. అంతకు ముందురోజు దాకా ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఒకడు వంగితే ఇంకొకడు వంగాలి, మాట్లాడుకోకపోతే ముద్ద నోట్లోకి పోదు. తిన్నారు, మాట్లాడుకున్నారు.

అన్నిటికన్నా ఆఖరి ఆట గడప దగ్గర. వాళ్ళలో పెళ్ళి మగపిల్లాడింటి దగ్గరే చేస్తారు. పందిట్లో ఆటలయ్యాక కొత్త జంట ఇంట్లోకి అడుగుపెట్టబోతుంటే ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఎవరొచ్చారు?" అంటుంది. "నేనూ, ఫలానా వచ్చాం" అని పెళ్ళికొడుకు పెళ్ళాం పేరు చెప్పాలి. పెళ్ళికూతురు మొగుడి పేరు చెప్పాలి. చెబితేనే దారి. ఇదేం ఆటలే అనుకుంటున్నారు మీరు, నాకు తెలుసు. ఇప్పుడంటే పేర్లు పెట్టి అరుచుకుంటున్నారు గానీ, ఆ రోజుల్లో మొగుడికి పెళ్ళాం "ఇదిగో", పెళ్ళానికి మొగుడు "ఏవయ్యా". అంతే. గడప దగ్గర చెప్పిన పేరు మళ్ళీ నోటికి రాదు, బతికున్నన్నాళ్ళూ రాదు. అందుకని పిల్లా పెద్దా అందరూ గుమ్మం ముందు చేరి చెవులు రిక్కించుకుని వినేవాళ్ళంట.

ఈ బుల్లెమ్మకి ఒక తమ్ముడు. భద్రయ్య అని, నెమ్మదస్తుడు. వాడి పెళ్ళికి కూడా ఆవిడే గుమ్మానికి అడ్డం నిలబడింది. పెళ్ళాం పేరు చెల్లాయమ్మ. వాడు సిగ్గుపడి గొణిగితే, "వినపడలేదురా! తాటిచెట్టు మీద కల్లుగీసేవాడికి కూడా వినపడాలి!" అని మళ్ళీ చెప్పించింది, మళ్ళీ చెప్పించింది. జనం పడీ పడీ నవ్వారు. బాగానే కాపురం చేసుకున్నారు. ఇంతలో ఏమైందంటే, ఒక వానాకాలం జ్వరం తగిలి చెల్లాయమ్మ పోయింది. పోయే ముందు భద్రయ్య మంచం పక్కన కూర్చుని, "ఇదిగో, ఇదిగో" అని పిలిచాడంట. పలకలేదు. అప్పుడు పేరు పెట్టి పిలిచాడు. గడప దగ్గర చెప్పాక మళ్ళీ అప్పుడే.

ఆ తర్వాత వాడు మనిషి కాలేదనుకో. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. బుల్లెమ్మ తన ఇల్లు వదులుకుని వచ్చి వండిపెట్టి పోతుండేది. ఎన్నాళ్ళని వండుతుంది? వీడికి మళ్ళీ ఒక ఇల్లాలు రావాలి, వచ్చిన పిల్ల నిలబడాలి, ఆవిడకి అదే ధ్యాస. వెతగ్గా వెతగ్గా కొండకి అవతల ఊళ్ళో గంగరాజు అనే ఆయన కూతురు నూకాలు కుదిరింది. కుదిరాక బుల్లెమ్మ గంగరాజుతో మెల్లగా అందంట, మావయ్యా, ఆటలూ అవీ వద్దులే, రెండో పెళ్ళి కదా, తాళి కట్టించి భోజనాలు పెట్టేద్దాం అని. గంగరాజుకి కోపమొచ్చింది. "రెండో పెళ్ళి ఎవరికమ్మా? మీవాడికి. మా పిల్లకి ఇదే మొదటిది. ఊళ్ళో అందరి పిల్లలకీ ఆడించిన ఆటలు నా కూతురి దగ్గరికొచ్చేసరికి బరువైపోయాయా? బుల్లెమ్మ ఆటలు చూద్దురుగాని రండని బళ్ళకి బళ్ళు జనాన్ని తీసుకొస్తున్నాను నేను" అన్నాడు. బుల్లెమ్మ సరేనంది. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

సరే, పెళ్ళయింది. ఆటలు మొదలయ్యాయి. బిందెలో పసుపు నీళ్ళు పోసి, ఉంగరంతో పాటు నాలుగు చింతగింజలు కూడా వేసింది, వేళ్ళకి తికమకగా ఉండాలని. ఇటు వాళ్ళు "లాగరా భద్రం!", అటు వాళ్ళు "వదలకే నూకాలూ!" అని ఒకటే గోల. భద్రయ్య చెయ్యి నీళ్ళలో ఊరికే ఉంది. నూకాలు తీసింది, మళ్ళీ నూకాలే తీసింది. మూడోసారి భద్రయ్య చేతిలో పైకొచ్చింది ఉంగరం. జనం ఈలలు వేశారు. బుల్లెమ్మ మాత్రం చేతుల్నే చూస్తోంది కదా, నీళ్ళలో ఆ పిల్ల వాడి గుప్పిట విప్పి ఉంగరం పెట్టి మళ్ళీ మూసింది. ఓహో, ఈ పిల్ల తెలివైందే అనుకుంది. తెలివైంది నిలబడుతుందా, తెలివైంది కాబట్టే వదిలేసి వెళ్ళిపోతుందా? అదీ అనుకుంది.

ఇక గడప దగ్గరికొచ్చారు. కొత్త జంట కొంగులు ముడేసుకుని బయట, బుల్లెమ్మ లోపల. అదే గుమ్మం, అదే తమ్ముడు. "ఎవరొచ్చారు?" అని మెల్లగా అంది. వెనకనుంచి జనం ఊరుకుంటారా? "ఏంటి బుల్లెమ్మా, అన్నం తినలేదా? గట్టిగా అడుగు!" అన్నారు. సరేనని ఆవిడ ఎప్పటి గొంతుతోనే, ఎప్పటిలాగే నడుం మీద చెయ్యేసి, "ఎవరొచ్చార్రా?" అని అరిచింది. ఆ అరుపుకి వాడి నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేనూ, చెల్లాయమ్మా వచ్చాం" అన్నాడు.

గంగరాజు తెచ్చిన జనంలో పిల్లలు కొందరు పకపకా నవ్వారు. కావాలని తప్పు పేరు చెప్పి ఆట పట్టిస్తున్నాడని వాళ్ళ ఊహ. ఇటువైపు ఆడవాళ్ళు ఒక్కొక్కరే పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది చూసి అటువాళ్ళకి అర్థమైంది. భద్రయ్యకి ఏమన్నాడో తెలీలేదంట పాపం, అందరి మొహాలూ చూస్తున్నాడు. గంగరాజు తలపాగా విదిలించి, "బళ్ళు కట్టండ్రా" అన్నాడు.

బుల్లెమ్మ సంగతి చెప్పనా? ఎన్ని పెళ్ళిళ్ళలో ఎంతమంది తడబడ్డారు, ఒక్క మాటతో నవ్వించి దాటించేసింది. ఇప్పుడూ ఒక మాట నోటిదాకా వచ్చింది. పరాచికానికి అన్నాడులే మావయ్యా, మావాడు ఇలాంటి కొంటెవాడు, అంటే చాలు. జనం నవ్వేస్తారు, పెళ్ళి నిలుస్తుంది. కానీ చెల్లాయమ్మ ఆ ఇంట్లో దీపం పెట్టిన మనిషి. ఆ మనిషి పేరుని పరాచికం చెయ్యాలి. ఆవిడ నోరు తెరిచింది, మూసింది.

అప్పుడంట, బాసికం కట్టుకుని తలొంచుకున్న పెళ్ళికూతురు, పొద్దున్నించీ పెదవి విప్పని పిల్ల, తలెత్తకుండానే, "వదినా, ఆట మధ్యలో ఆపేశావేంటి? ఇంకా ఎవరొచ్చారో అడుగు" అంది.

బుల్లెమ్మ గుమ్మం పట్టుకుంది. "ఇంకా... ఇంకా ఎవరొచ్చార్రా?" అంది. భద్రయ్య తిరిగి ఆ పిల్ల వైపు చూశాడు. తాళి కట్టినప్పుడు కూడా మెడే చూశాడంట గానీ మొహం చూడలేదు. "నూకాలొచ్చింది" అన్నాడు. "విడివిడిగా కాదు, కలిపి చెప్పమను" అంది నూకాలు. వాడు కండువాతో మొహం తుడుచుకుని చెప్పాడు. "నేనూ, చెల్లాయమ్మా, నూకాలూ వచ్చాం."

ఎవరూ నవ్వలేదు. గంగరాజు దగ్గరికొచ్చి, "ఏంటే ఇది? పద, ఇంటికి పోదాం" అన్నాడు. "ఎడ్లు మేత మీదున్నాయి నాన్నా, తిననీ" అంది ఆ పిల్ల. తండ్రి అక్కడే అరుగు మీద కూలబడ్డాడు.

ఇప్పుడు పెళ్ళికూతురి వంతు. బుల్లెమ్మ కళ్ళు తుడుచుకుని, "నువ్వు చెప్పు తల్లీ, ఎవరొచ్చారు?" అంది. ఆడవాళ్ళందరూ ముందుకి వంగారు. ఈ పిల్ల కూడా సవతి పేరు కలిపి చెబుతుంది, ఎంత మంచి మనసో అని చెప్పుకుందాం అని చూస్తున్నారు. నూకాలు తలెత్తి, కల్లుగీసేవాడికి కూడా వినపడేలా, "నేనూ, భద్రయ్యా వచ్చాం" అంది. అని, కుడికాలు లోపల పెట్టింది.

భోజనాల దగ్గర వడ్డిస్తూ వడ్డిస్తూ బుల్లెమ్మ ఉండబట్టలేక, అదేంటే, వాడు ముగ్గురంటే నువ్వు ఇద్దరేనన్నావు, అని చెవిలో అడిగిందంట. నూకాలు ఏమందంటే, "ఆయనతో వచ్చినవాళ్ళని ఆయన చెప్పుకున్నాడు వదినా. నాతో వచ్చినాయన్ని నేను చెప్పుకున్నాను. పప్పులో ఉప్పు చాల్లేదు, చూశావా?"

తర్వాత ఎలా ఉన్నారంటారా? ఉన్నారు, అందరూ ఉన్నట్టే. పోట్లాడుకున్నారు, పిల్లల్ని కన్నారు. ఆ ఊళ్ళో మాత్రం ఇప్పటికీ గడప దగ్గర పేర్లు చెప్పించాక, "ఇంకా ఎవరొచ్చారు?" అని మళ్ళీ అడుగుతారు. ఎందుకడుగుతారో వాళ్ళకీ తెలీదు. మగపిల్లలు ఎద్దు పేరో, కుక్క పేరో చెప్పి నవ్విస్తుంటారు. కొందరు మాత్రం కాసేపు ఆగి, "ఇంకెవరూ లేరు" అంటారు. ఆ ఆగినవాళ్ళని పెళ్ళికూతుళ్ళు గుర్తుపెట్టుకుంటారంట. మన ఊరికీ పాకిందిలే ఆ ఆట. నా పెళ్ళప్పుడు నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు, టక్కున చెప్పేశాను. నమ్మిందో లేదో మీ పిన్నిని అడగండి, అదిగో, అక్కడే కూర్చుని నవ్వుతోంది.