ఉమాశ్రీ ఫోటో

2001 మే నెల. ఏడో తరగతి ఫలితాలొచ్చిన మర్నాడు కాన్వెంటు కరస్పాండెంటు గారు స్వీట్ల పెట్టెతో కోరుకొండలో ఉమాశ్రీ వాళ్ళ ఇంటి అరుగెక్కారు. లోపల నలుగురు పిల్లలు చాప మీద కూర్చుని చదువుకుంటున్నారు. తల్లి గుమ్మంలోకి వచ్చింది.

"మీ ఉమాశ్రీ మండలం ఫస్టంట కదమ్మా! మా స్కూలు కరపత్రంలో వేసుకుంటాం, ఒక్క ఫోటో ఇప్పించండి."

"అది ఇంట్లో చదివి, ప్రైవేటుగా పరీక్ష రాసిందండి."

"మూడో క్లాసు దాకా మా దగ్గరే కదండీ."

"నేను పురిటికి ఆసుపత్రిలో ఉంటే, రెండేళ్ళ తమ్ముణ్ణి చంకనేసుకుని బడికొచ్చింది. 'ఇది స్కూలా, అంగన్‌వాడీయా' అని ఇద్దర్నీ గేటు బయట ఎండలో నిలబెట్టారు. మర్నాడు టీసీ ఇచ్చేశారు."

"పాత సంగతులమ్మా అవి. మిగతా ముగ్గురికీ ఫీజు లేకుండా సీట్లిస్తాను."

"వాళ్ళకీ నేనే చెప్పుకుంటున్నానండి, దోసెలు పోస్తూ. మీ టీసీ ఏ బడిలోనూ ఇవ్వలేదు. ఫ్రేము కట్టించి గోడకి పెట్టాను. అందులో ఏం రాశారో గుర్తుందా?"

"లేదండి."

"'చదువుకు పనికిరాదు' అని. కింద మీ సంతకం."

"పొరపాటైందమ్మా. ఫోటో మాత్రం..."

"ఫోటో ప్రెస్సుకి ఇచ్చేశానండి. కరపత్రం నేనే వేయించాను. పైన దాని ఫోటో, కింద మీ టీసీ. రేపు పొద్దున్న పేపర్లో పెట్టి ఊరంతా వేస్తారు."

"అమ్మా! రేపే మా అడ్మిషన్లు!"

"తెలుసండి. ఆ స్వీట్లు మీరే ఉంచుకోండి. ఎవరైనా వస్తే పెడుదురుగాని."