మూత పెట్టిన రంగు డబ్బా

అమ్మలారా, మామలారా, పట్నం నుంచి కార్లలో వచ్చిన మిత్రులారా,

ఈ చెట్ల కింద ఎందుకు కూర్చున్నామో మీకు చెప్పనక్కర లేదు. మా పెద్దమ్మ పోయింది. ఆమె పేరు నేను పలకను. ఏడుపు రోజులు తీరేదాకా ఆమె మాకు కుమంజయి. పోయినవాళ్ళను అలాగే పిలుస్తాం, వాళ్ళ ఫొటో కూడా చూపించం. గ్యాలరీ యజమాని రస్సెల్ గారు ఆమె పేరూ ఫొటో వేసి బ్యానర్ కట్టారు. దాని మీద దుప్పటి కప్పింది నేనే. ఇన్నేళ్ళు మా మధ్య తిరిగిన మనిషికి ఈ మాత్రం తెలియదా?

తెలుసు. పని పడినప్పుడు మరిచిపోతారు.

ఆమె గుడ్డ మీద చుక్కలతో గీసే మా ఎడారి నీటిగుంట కథ ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. గీసే హక్కు తండ్రి వైపువాళ్ళది. సరిగ్గా గీశారో లేదో చూడాల్సింది ఆ ఇంటి ఆడపడుచుల పిల్లలు. నేను ఆమె చెల్లెలి కూతుర్ని. కాపలా నాది. ఒకసారి ఫుట్‌బాల్ పోటీలకని పొరుగూరు పోయి, బండి చెడి అక్కడే చిక్కుకుపోయాను. ఇక్కడ రస్సెల్ గారు బొమ్మ కోసం వచ్చి కూర్చున్నారు. ఆమె రంగు డబ్బాకు మూత పెట్టేసింది. "ఆ పిల్ల వచ్చి చూడందే చుక్క పెట్టను. టీ తాగు" అంది. "సంతకం నీదేగా" అన్నారట ఈయన. "చెయ్యి నాది. కథ నా ఒక్కదానిదా నాయనా?" అంది.

తీరా నేనొచ్చి చూస్తే, బయటివాళ్ళు చూడకూడని దారి ఒక మూల కనబడుతోంది. మూసెయ్యమన్నాను. "నీ ముడ్డి కడిగిన చెయ్యే ఇది, దీనికే వంకలు పెడతావే?" అని తిట్టింది. తిడుతూనే ఆ మూలంతా తెల్లచుక్కలతో కప్పేసింది. రస్సెల్ గారి మొహం చూసి, "ఏడవనీలే, నీళ్ళ కథేగా" అని నవ్వింది.

చివరికి కిడ్నీలు పోయి, పట్నం ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేసే మిషను పక్కన బతికింది. ఆ మిషను మన ఊళ్ళో పెట్టమని ఎన్నిసార్లు అడిగాం? ఆమె గీసిన బొమ్మలను గోడలకెక్కించి మురిసిపోయిన పెద్దలకు, ఆమెను సొంత నేల మీద బతకనివ్వాలని ఎందుకు తోచలేదు? ఆసుపత్రి పెరట్లో ఇసుక ఉంది. తన అన్న కూతురు, అంటే తండ్రి వైపు పిల్ల, మార్లెట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ కథ అందులోనే గీసేది. "ఫోను తర్వాత చూద్దువుగాని, ఇటు చూడవే. వాన ఇటు నుంచి నడిచింది" అనేది. గీసి, చెరిపి, మళ్ళీ గీసేది. చివరికి మార్లెట్ తనే గీసింది. పెద్దమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను.

ఇప్పుడు రస్సెల్ గారు ఏమంటున్నారు? గిరాకీ ఉండగానే, ఆమె పక్కన కూర్చుని చూసినవాళ్ళెవరైనా గీయొచ్చట. నిన్న కొట్టు ముందు ఇద్దరిని అడిగారు కూడా. అయ్యా, మీ ఇంటి పత్రం నేను చదివితే ఆ ఇల్లు నాదైపోతుందా?

కాపలాదారుగా అందరి ముందూ చెబుతున్నాను. ఏడుపు రోజులు తీరేదాకా ఆ కథ ఎవరూ గీయరు. మార్లెట్ కూడా గీయదు. తీరాక మార్లెట్ గీస్తుంది, పక్కన నేను కూర్చుంటాను. అప్పటికి గిరాకీ పోతే పోనివ్వండి.

మన ఆడవాళ్ళు ఇసుకలో ఒక కథ చెప్పి, అరచేత్తో చదును చేసి, అక్కడే ఇంకోటి మొదలుపెడతారు. ఇప్పుడు మార్లెట్ ఈ ఇసుక చదును చేస్తుంది. ఆమె చెయ్యి ఆగేదాకా లేచి, మాట లేకుండా నిలబడదాం.

రస్సెల్ గారూ, మీరూ లేవండి. ఆ ఫోను జేబులో పెట్టండి.