ముందువైపు అరిగిన చెప్పులు

ఈవేళే దొరికిందా అమ్మా మీకు ఇల్లు చూడ్డానికి? లెబరాన్ పండగ నాలుగో రోజు! ఉపవాసాల నెల ముగిసిందో లేదో జకార్తాలో సగంమంది సొంతూళ్ళకి పోయి పడుకున్నారు. రైళ్ళలో ఈగలు కూడా సీట్లలో కూర్చుని పోతున్నాయి. ఇవాళొచ్చి చూస్తే ఏం తెలుస్తుంది, నా మొహం!

కూర్చో, కూర్చో. చాప మీద వద్దు, ఆ కుర్చీ లాక్కో. మీ ఆయన పెరట్లోనే ఉన్నాడు, ఎక్కడికీ పోడు. టీ తాగు. ఆ సీసాలో అనాసపండు బిస్కెట్లున్నాయి, పక్కింటావిడ పండక్కి పంపింది.

మా అమ్మాయి సురతి పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పింది. 'నాన్నా, వచ్చినవాళ్ళకి బావి నీళ్ళు చూపించు, పెరడు చూపించు, టీ ఇవ్వు. నోరు మాత్రం తెరవకు' అని. ఇదివరకు వచ్చిన ముగ్గురూ నేను నోరు తెరిచాక టీ వదిలేసి పోయారట. పోయారు, నిజమే. ఈ ఇల్లు అమ్ముడుపోకపోతే ఈ గోడలు చూస్తూ ఇక్కడే చావాలి. అది నాకూ తెలుసు.

ఎంతసేపు పట్టింది రైల్లో? గంటా పదిహేను నిమిషాలా? కూర్చునే వచ్చారా? ఆహా! పక్క సీట్లో సంచీ కూడా పెట్టుకుని వచ్చుంటారు. ఏం, నవ్వుతావేం? నేనూ అలాగే వచ్చాను. పన్నెండేళ్ళ కిందట, ఇదే పండగ, మూడో రోజు. స్టేషన్లో గడియారం చూసుకున్నాను, ఇక్కడ తెంజోలో దిగి మళ్ళీ చూసుకున్నాను. ఇంటి కంపెనీ వాళ్ళ కాగితం చేతిలో ఉంది. ముప్ఫై ఏళ్ళు దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. 'స్టేషనుకు ఐదు నిమిషాలు' అని వేలు పెట్టి కూడబలుక్కుని నేనే చదివాను. అచ్చులో ఉంది కదా, అబద్ధం ఎందుకవుతుంది అనుకున్నాను. ఐదు నిమిషాలట! పండగనాడు, ఖాళీ రోడ్డు మీద, మోటారుసైకిలు మీద, ఎవడో వెంటపడి తరుముతుంటే.

నీ ఉద్యోగం ఎక్కడమ్మాయ్?

తనాహ్ అబాంగ్ బజారా? బట్టల కొట్టా?

ఊఁ. ఏం లేదు. టీ తాగు, చల్లారిపోతుంది.

మా ఆవిడ లస్త్రిది కూడా ఆ బజారే. నమాజుకు వేసుకునే తెల్ల ముసుగులు కుట్టేది, మూడో అంతస్తులో. కుట్టు అంటే అదీ కుట్టు! ఒక్క పోగు పైకి లేవదు. నాది చెప్పుల కుట్టు. భుజాన కావడి వేసుకుని వీధివీధీ తిరిగేవాణ్ణి. చెప్పులు తెగని ఊరుంటుందా? నేనెక్కడైనా బతకగలను. రైలెక్కాల్సింది ఆమే. మరి మీ ఆయనేం చేస్తాడు?

రంగులేస్తాడా? మంచిది. గోడల్లేని ఊరు కూడా లేదు. అతనికీ రైలుతో పని లేదన్నమాట.

ఇంకెక్కడైనా చూశారా, ఇదే మొదటిదా? సుదిమారాలో చూశారా? అది దగ్గరే కదమ్మా నీకు, ఇంత దూరంలో సగం కూడా ఉండదు. మరెందుకు వద్దనుకున్నారు?

ఏంటీ? వానొస్తే మునుగుతుందా? గోడ మీద నడుం దాకా నీళ్ళ మరకుందా?

నువ్వు చూశావా? మీ ఆయన ఒక్కడే వెళ్ళి చూసొచ్చాడా. ఓహో.

...ఏం లేదమ్మా. గొంతులో బిస్కెట్టు ముక్క అడ్డుపడింది.

పెరట్లో ఆ పొడుగాటి కర్ర చూశావుగా? తాడూ, కప్పీ, ఖాళీ పంజరమూ ఉన్నది. మీ ఆయన ఇందాకట్నుంచీ దాని చుట్టూనే తిరుగుతున్నాడు. తెల్లారగానే గువ్వను పంజరంలో పెట్టి ఆ కర్ర చివరికి లాగితే, అక్కడ గాలి తగిలి గొంతు విప్పుతుంది. ఆ కూత కోసం మా నాన్న అన్నం మానేసి కూర్చునేవాడు. మా తాతా అంతే. పెళ్ళయ్యాక ఇరవయ్యేళ్ళు జకార్తాలో అద్దె గదిలో ఉన్నాం మేము. నా గువ్వ పంజరం బట్టలారేసే తీగకి, తడి లంగాల మధ్య వేలాడేది. ఒక్కనాడు కూయలేదు.

అందుకే ఇక్కడ పెరడు చూడగానే నా కాళ్ళు కదల్లేదు.

ఆ తర్వాతా? ఆ తర్వాత పండగ అయిపోయింది, అంతే. సెలవులు ముగిసిన సోమవారం లస్త్రి చీకట్నే బయల్దేరింది. స్టేషనుకు నలభై నిమిషాలు. రైలు మా ఊరొచ్చేసరికే కిక్కిరిసిపోయి ఉంది. ఎక్కలేదట, వెనకనుంచి తోసేశారట లోపలికి. పోను రెండున్నర గంటలు, రాను మూడు. ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడి, 'ఏమయ్యా, నువ్వు చూసిన రైలు ఏ దేశంలో నడుస్తుందయ్యా?' అంది. నవ్వుతూనే అంది. ఇద్దరం నవ్వుకున్నాం. మొదటిరోజు కదా, నవ్వొచ్చింది.

మడతపెట్టే చిన్న పీట ఒకటి చేసిచ్చాను, రైల్లో వేసుక్కూర్చోమని. ఆ రైలు పెట్టెలో రోజూ వెళ్ళే ఆడవాళ్ళంతా ఒక జట్టు. ఒకళ్ళ పీట ఒకళ్ళు అందుకునేవాళ్ళు, పుట్టినరోజులు కూడా అందులోనే చేసుకునేవాళ్ళు. తర్వాత రైలువాళ్ళు పీటలు తేకూడదన్నారు. మనుషులకే చోటు లేకపోతే పీటలకెక్కడిది? అదీ నిజమే.

ఒక్క సంగతి చెప్తాను, విను. నడిచేవాళ్ళ చెప్పు మడమ దగ్గర, బయటి అంచున అరుగుతుంది. ఇందాక గుమ్మంలో విప్పావే, నీవి అలాగే అరిగాయి. లస్త్రివీ అంతే ఉండేవి. ఈ ఇంటికొచ్చిన మూడో నెలలో చెప్పులు నా ముందు పెట్టింది. మడమ కొత్తదానిలా ఉంది. వేళ్ళ కింద అట్ట లేదు, చిల్లి. పొట్టి మనిషి కదా, రైల్లో పైనున్న పిడి అందదు. పొద్దున రెండు గంటలూ, సాయంత్రం రెండు గంటలూ మునివేళ్ళ మీద నిలబడి వేలాడుతోంది నా పెళ్ళాం. ఆమె చెప్పలేదు. చెప్పు చెప్పింది.

నేనేం చేశానో తెలుసా? ముందువైపు టైరు ముక్క ఇంకాస్త మందంగా వేసి కుట్టాను.

అంతే చేశాను. పదేళ్ళు అదే చేశాను. రెండు నెలలకోసారి.

కాళ్ళు బోదకాళ్ళలా వాచేవి. నిలబడే పని మానుకో అన్నాడు డాక్టరు. 'కూర్చునే కుడతానండీ' అంది అమాయకంగా. రెండేళ్ళ కిందట, మామూలు గురువారం, ప్లాట్‌ఫారం మీద గోడకి జారగిలబడి కూర్చుందట. రైలొచ్చింది, జట్టువాళ్ళు లేపారు. లేవలేదు. చెప్పులు ఒక కాగితం సంచీలో వేసి తెచ్చిచ్చారు నాకు. ముందువైపు మళ్ళీ అరిగిపోయే ఉన్నాయి.

ఏడవకమ్మా. నీకేం సంబంధం? నేనే ఏడవలేదు.

అసలు మాట ఇంకా చెప్పలేదు. మా అమ్మాయికి కూడా తెలియదు.

పన్నెండేళ్ళ కిందట నేనూ రెండిళ్ళు చూశాను. రెండోది సుదిమారాలోదే. ఇరుకు. గోడకి గోడ ఆనుకుని వరస ఇళ్ళు, కర్ర పాతడానికి జానెడు మట్టి లేదు. ఇంటికెళ్ళి లస్త్రితో ఏమన్నానో తెలుసా? 'ఆ ఇల్లు మునుగుతుందే, గోడ మీద నడుం దాకా మరకుంది' అన్నాను. నేనూ వచ్చి చూస్తానంది. 'నా మాటంటే లెక్కలేదా?' అని అరిచాను. మళ్ళీ కుట్టు ముందేసుకుంది.

మరకా లేదు, మన్నూ లేదు. గోడ తెల్లగా ఉంది.

ఆమె రైలు రోజూ సుదిమారా మీదుగానే పోయేది తల్లీ. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. ఒక ఏడు పెద్ద వాన పడి జకార్తా అంతా మునిగింది. ఆ రోజు ఇంటికొచ్చి, తడిసిన చెప్పులు నా చేతికిస్తూ ఒకే ఒక్క మాటంది. 'సుదిమారాలో ఎక్కినవాళ్ళ చెప్పులు పొడిగా ఉన్నాయయ్యా.' అంతే. వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాను. మర్నాడు చీకట్నే లేచి మళ్ళీ రైలుకి పోయింది.

ఆ తర్వాత ఎన్నేళ్ళు బతికిందో లెక్క పెట్టుకోవాలంటే నాకు భయం.

మీ ఆయన మంచివాడేనమ్మా. నేనూ చెడ్డవాణ్ణేం కాను. రంగులేసే మనిషి గోడ గురించి చెప్తే కాదనేవాళ్ళెవరు? నిజంగానే మరక చూసుండొచ్చు. నాకేం తెలుసు? సుదిమారా వెనక్కి పోయే దారిలోనే ఉంది, రైలివాళ ఖాళీ. దిగి చూసుకో. నీ కళ్ళతో చూసుకో. మీ ఆయన వద్దని అరిస్తే, అప్పుడు అర్థం చేసుకో.

అదుగో, తాడు పట్టుకున్నాడు. ఖాళీ పంజరాన్నే పైకి లాగుతున్నాడు చూడు. చెయ్యి తిరిగినవాడిలాగే లాగుతున్నాడే! మొదటిరోజు నేనూ అలాగే లాగాను, లస్త్రి నువ్వు కూర్చున్నచోటే కూర్చుని చూస్తూ ఉంది.

టీ అలాగే వదిలేశావు. సరేలే. సురతికి చెప్తాను, నాలుగోవాళ్ళు కూడా పోయారని.

లేదూ, తీసుకుంటామంటారా, తీసుకోండి. కర్ర మాత్రం నేను పీకను. ఇంటితోపాటు అదీ మీదే.