నడకకు మోతాదు

వ్యాయామమూ వైద్యమేనని డాక్టర్లకు పాఠం చెప్పి, ఫిజియోథెరపిస్టు ప్రొజెక్టరు వైర్లు చుడుతోంది. ముందు వరసలో కునుకు తీసిన పెద్ద డాక్టరు దగ్గరికొచ్చేసరికి ఆమెకు ఒళ్ళు మండింది.

"ఇందులో కొత్తేముందమ్మా? ప్రతి మందుల చీటీలోనూ 'నడవండి' అని రాస్తూనే ఉన్నాగా!"

"చూశాను సార్. మాత్రకైతే పొద్దున అర, రాత్రి ఒకటి. నడకకి మాత్రం ఒక్క ముక్క. ఎంతసేపు నడవాలో కల్లోకొచ్చి చెప్తారా?"

"నోరు బాగా పెద్దదే."

"నిద్రపోయేవాళ్ళకి కూడా వినబడాలి కదా సార్."

ఆయన నవ్వలేదు.

"గుండె ఆపరేషనయ్యాక, మంచం దిగొద్దని మా నాన్నగారికి రాసింది నేనే. నెలైంది."

ఆమె చేతిలో వైరు ఆగింది.

"ఇప్పుడు దిగుతున్నారా?"

"దిగలేకపోతున్నారు."

ఆయన జేబులోంచి తన చీటీల పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాడు.

"మోతాదు నువ్వే రాయమ్మా."