హోబర్ట్ ఏట్లో కలిపిన టీ

నేను ఓటేసొచ్చి కుర్చీ లాక్కునేసరికే హోబర్ట్ ప్రూయిట్ మొదలెట్టేశాడు. ఒనీడా హోటల్లో కిటికీ పక్క బల్ల ఆయనదే. చొక్కా మీద 'నేను ఓటేశాను' అన్న బిళ్ళ, నెత్తిన మూడు మూలల టోపీ. అది వాళ్ళావిడ కిటికీ తెర కత్తిరించి కుట్టిందని మా పినీ ఫోర్డ్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆయన మాత్రం తాతలనాటి యుద్ధంలో తూటా తగిలిన టోపీ అంటాడు.

ఆ రోజు మా ఊరి ఓటింగు ఒక్క విషయం మీదే, ఫైర్ స్టేషన్‌కి కట్టే పన్ను గురించి. పన్ను పోతే స్టేషన్ మూతపడుతుంది. ఇక ఇల్లంటుకుంటే నలభై మైళ్ళ అవతల్నుంచి బండి రావాలి. మాకు బిస్కట్లనే మెత్తటి రొట్టెలూ గ్రేవీ వడ్డించే ఒనీడాయే ఆ మంటలార్పే బండి నడిపేది కూడా, పైసా జీతం లేకుండా. పన్ను తీసెయ్యమని సంతకాలు పోగేసింది హోబర్ట్. మొదటి పదింట్లో నాదీ ఒకటి. అందుకే ఆమె నా గ్లాసులో ఐస్ వేస్తుంటే మొహంలోకి చూడలేకపోయాను. సిగ్గేసింది.

హోబర్ట్‌కి అలాంటి ఇబ్బందులేం లేవు. ఆయనకి ఎదురుగా కొత్త మనిషి దొరికాడు, రొట్టెల లారీ డ్రైవరు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదయ్యా. నేను చేసిందల్లా ఏప్రిల్ పదిహేనున, పన్నులు కట్టే రోజున, ఒక్క టీ పొట్లం ఏట్లో పడేశా, అంతే. వెనకటికి బోస్టన్‌లో మనవాళ్ళు, ఇంగ్లండు రాజు పన్నేశాడని, టీ పెట్టెలు సముద్రంలో తోసేశారే, ఆ పద్ధతిలో. అంటే, మరీ పొట్లం కాదనుకో, డబ్బా."

"ఒక్కటేనా?"

"రెండొందలు! వర్జిల్‌ని అడుగు," అని నన్ను చూపించాడు, "ఆ రోజు నా పక్కనే ఉన్నాడు. పొద్దున్నే అందరం కౌంటీ వాళ్ళు ముసలాళ్ళకి వేసే ఉచిత బస్సెక్కాం. ఐదు నిమిషాలు ఆలస్యం! అదీ గవర్నమెంటు పనంటే. ముప్ఫై ఒక్కేళ్ళు రోడ్ల శాఖలో ఉన్నా, గవర్నమెంటు ఉద్యోగి బద్ధకం నాకొకడు చెప్పాలా? సరే, తీరా చూస్తే ఊరు మొత్తమ్మీద ఆకు టీ లేదు. ఎట్లా ఉంటుంది, వేడి టీ తాగే మొహాలా మనవి? కొట్లో ఉన్నదల్లా చక్కెరా నిమ్మా కలిపేసిన ఐస్ టీ పొడి. పోనీలే, అదీ టీయేగా అని డబ్బాలన్నీ వంతెన మీదికి చేరేసి, ఒక్క అరుపు అరిచి, గుమ్మరించేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు డ్రైవరు, ఫోర్కు గాల్లో ఆపి.

"ఏరు తీపెక్కింది! ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎర్రగా, చిక్కగా. కలపాలి కదా, అందుకని పడవ తెడ్డు తీసుకుని ఒక్క తిప్పు తిప్పా, సుడి లేచింది. ఈలోగా మబ్బు పట్టి వడగళ్ళు! ఒక్కోటి నా పిడికిలంత. ఐస్ కూడా పైనుంచే దిగిందన్నమాట. దేవుడికీ పన్నులంటే పడదని అప్పుడే తెలిసింది నాకు. మీసాల చేపలు నీళ్ళ పైకొచ్చి వరసగా నిలబడ్డాయి, తోసుకోవడాల్లేవు, గొడవల్లేవు. మనుషులకంటే నయం."

"చేపలు నిలబడ్డం నేను చూళ్ళేదే," అన్నాను.

"నువ్వప్పుడు బస్సులో నిద్రపోతున్నావు వర్జిలూ, మాట్లాడకు. గట్టున మేసే ఆవులు తాగాయా, వారం పాటు పాలల్లో చక్కెర వేసుకోలేదు జనం. అక్కణ్ణించి టీ మిసిసిపీలో కలిసింది, మిసిసిపీ సముద్రంలో కలిసింది, ఇరవయ్యో రోజున లండన్‌లో ఒక పెద్దమనిషి కుళాయి తిప్పుకుని తాగి, 'చక్కెర కాస్త ఎక్కువైంది' అన్నాట్ట. అంటాడు మరి! వాళ్ళ రాజు చేసిన పనికి ఇన్నాళ్ళకి జవాబు వెళ్ళింది!"

డ్రైవరు పడీపడీ నవ్వుతున్నాడు. హోబర్ట్‌కి ఊపొచ్చింది, లేచి నిలబడ్డాడు.

"నవ్వకు, అసలుది ముందుంది. ఏరంతా టీ అయిందన్న కబురు వాషింగ్టన్ చేరింది. ఊరుకుంటారా వాళ్ళు? ఏటి మీద పన్నెయ్యాలని మూడు హెలికాప్టర్లలో దిగారు. ఒకడు కొలబద్ద ముంచుతున్నాడు, ఒకడు చేపల్ని లెక్కపెడుతున్నాడు, మూడోవాడు ఇంత లావు పుస్తకం పట్టుకుని, 'గ్లాసుకింత' అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. వంతెన మీంచి దూకా! ఆ పుస్తకం వాణ్ణి వీపునేసుకుని, వరదలో, ఒక్క చేత్తో ఈదుకుంటూ అవతలి గట్టున కుదేశా. 'ఇక పినీ ఫోర్డ్ గడప తొక్కం బాబో' అని ఏడుస్తూ పుస్తకం చింపేశాడు."

"హోబర్ట్ గారూ," అంది ఒనీడా కూజా బల్ల మీద పెట్టి, "ఆ రోజు మిమ్మల్ని ఏట్లోంచి లాగింది మా ఫైర్ స్టేషన్ బోటు కదూ? టోపీ గాలికెగిరితే పట్టుకోబోయి పడ్డారు. ఖాళీ డబ్బా కావిలించుకుని 'ఫైర్ వాళ్ళని పిలవండ్రా' అని మీరు పెట్టిన కేక నాకింకా వినబడుతోంది."

"పిలిచా, ఎందుకు పిలవలేదు? నీ బోటు మునిగిపోయేట్టుంటే గట్టుకి లాగుదామని పిలిచా. అమ్మాయ్, నీ మీద నాకు కోపం లేదు. నువ్వు మంచిదానివి, నీ స్టేషనుకి కట్టే పన్నే చెడ్డది. ఇవాళ్టితో దాని పని సరి."

ఒనీడా చెయ్యి కూజా పిడి మీద బిగుసుకుంది. "పోయిన నెల లోరెట్టా ముసలమ్మ వంటిల్లంటుకుంటే ఆరు నిమిషాల్లో వెళ్ళాం. రేపట్నుంచి గంట పడుతుంది. నాకు భయమేస్తోంది హోబర్ట్ గారూ," అంది.

నేను బిస్కట్ పళ్ళెంలో పెట్టేశాను. హోబర్ట్ కూడా ఒక్క క్షణం కిటికీలోంచి బయటికి చూశాడు. కానీ డ్రైవరు "మరి ఓటు సంగతి?" అనేసరికి ఆగలేకపోయాడు.

"ఓటా! అందరికంటే ముందు నాదే పడింది. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. ముప్ఫై ఏళ్ళుగా నాదొకటే పద్ధతి, కాగితం మీద 'పన్ను' అన్న మాట కనబడిందా, 'వద్దు' దగ్గర గుండ్రం నింపడమే! మిగతాది చదివితే మనసు మారుస్తారు, అందుకే అంత పొడుగు రాస్తారు వాళ్ళు. ఇవాళ బస్సులో ఓటుకొచ్చిన రెండు ట్రిప్పుల జనానికీ అదే నేర్పా. అందరి చేతా 'వద్దు' మీద ప్రాక్టీసు చేయించా. నేనైతే ఎంత గట్టిగా నింపానంటే, కాగితానికి చిల్లు పడి, బల్లకి చిల్లు పడి, కింద నేలకి కూడా..."

"'వద్దు' అనే కదా నింపారు?" అంది ఒనీడా. గొంతు మారింది.

"ఇంతలావు 'వద్దు'!"

ఆమె గల్లా పక్కన గోడకి అంటించిన నమూనా ఓటు కాగితం పీక్కొచ్చి ఆయన ముందు పరిచింది. తన కళ్ళజోడు తీసి ఆయన ముక్కున పెట్టింది. "పెద్దగా చదవండి. మీరు సంతకాలు చేయించిన వాక్యమే, అక్షరం మార్చకుండా అచ్చేశారు."

హోబర్ట్ చదివాడు. "పినీ ఫోర్డ్ ఫైర్ స్టేషన్ పన్నును... రద్దు... చేయవలెనా?" కింద రెండే గుండ్రాలు. ఒకదాని పక్కన 'చేయాలి', రెండోదాని పక్కన 'వద్దు'.

హోబర్ట్ పెదాలు కదిలాయి, మాట రాలేదు. నలభై ఏళ్ళ స్నేహంలో నేనది చూడటం అదే మొదలు.

"రద్దు వద్దన్నారన్నమాట," అన్నాడు లారీ డ్రైవరు మెల్లిగా.

"నేనూ వద్దనే కొట్టాను హోబర్ట్," అన్నాను. అంటుంటే నాకు నవ్వూ, ఏడుపూ, పెద్ద బరువు దిగినట్టూ అన్నీ కలిపొచ్చాయి. "నువ్వు చదవొద్దన్నావుగా. బస్సులో వాళ్ళందరూ అంతే."

హోబర్ట్ మూడు మూలల టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒనీడా కళ్ళు తుడుచుకుని, ఆయన బట్టతల మీద చప్పున ఒక ముద్దు పెట్టి, గ్లాసు అంచుదాకా ఐస్ టీ పోసింది.

"తాగండి హోబర్ట్ గారూ, తీపి సరిపోతుంది," అంది. "ఈసారి ఏట్లో పడ్డా బోటుంటుంది."